ఎండలో పెట్టిన మందు

అంజవ్వ చెల్లెలు నర్సవ్వకు కాలు పడిపోయినప్పుడు కోరుట్లలో ఆ ఇంట్లో ఎవరూ దాన్ని పోలియో అనలేదు. గాలి సోకిందన్నారు. ఎవరి కన్నో తగిలిందన్నారు. తల్లి మొక్కని దేవుడు లేడు, తండ్రి తిరిగి తాయెత్తు తేని ఊరు లేదు. జ్వరం తగ్గిన పిల్ల మంచం దిగి నిలబడబోయి కూలబడింది. ఆ తర్వాత ఎడమ కాలు ఎదగలేదు.

అంజవ్వ అప్పటికి బీడీలు చుట్టడం నేర్చుకుంటున్న పిల్ల. చెల్లెల్ని చంకనేసుకొని జగిత్యాల బస్టాండు నుంచి డాక్టరు గది దాకా మోసింది తనే. డాక్టరు కాలు వంచి చూసి, "చిన్నప్పుడు చుక్కల మందు వేయించి ఉంటే ఇది వచ్చేది కాదమ్మా" అన్నాడు.

"మాకెవలు చెప్పిండ్రు సారూ?" అంది తల్లి.

ఆయన తర్వాతి రోగిని పిలిచాడు. బయటికి వచ్చాక తల్లి ఏడ్చింది. అంజవ్వకు ఏడుపు రాలేదు. మందు ఉందని, అది తమ ఇంటి దాకా రాలేదని, రాకపోవడానికి ఎవరో ఒకరు కారణమై ఉంటారని ఆమెకు ఆ వయసులోనే అర్థమైంది. ఆ ఎవరో ఒకరు ఎవరో మాత్రం తెలియలేదు. కోపం లోపలే ఉండిపోయింది.

పెళ్ళయి ఆమె సిరిసిల్ల వైపు వాగొడ్డుపల్లెకు వచ్చింది. భర్త సాంబయ్య సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. వారమంతా ఆ చప్పుడులో ఉండి ఊరికి వచ్చేవాడు కాబట్టి ఇంట్లో కూడా గట్టిగానే మాట్లాడేవాడు. మనిషి మాత్రం మెత్తన. అంజవ్వ చాట ఒడిలో పెట్టుకొని ఆకు కత్తిరిస్తూ, బీడీలు చుడుతూ ఇల్లు నడిపేది.

అవి ఊళ్ళో మాటను చూసి మాట్లాడే రోజులు. చీకటి పడ్డాక అన్నలు, అంటే నక్సలైట్లు, వచ్చేవాళ్ళు, అన్నం అడిగేవాళ్ళు. తెల్లవారాక పోలీసులు వచ్చి, అన్నం ఎవరు పెట్టారని అడిగేవాళ్ళు. ఊరికి వచ్చే దారిలో, నాలుగు బాటలు కలిసేచోట ఉన్న బడిలో పోలీసు క్యాంపు పెట్టారు. పిల్లలకు చెట్టు కింద కూడా చదువు లేకుండా పోయింది. సైకిలు మీద పోయేవాడు దిగాలి, బండి మీద పోయేవాడు దిగాలి, నెత్తిన గంప ఉన్న ఆడది గంప దించాలి.

ఆ దారినే నెలకోసారి నర్సు ఇంద్రమ్మ వచ్చేది. ఊరంతా ఆమెను నర్సమ్మ అనేవాళ్ళు. భుజానికి ఐసు డబ్బా, చేతిలో గొడుగు. డబ్బాలో పసిపిల్లల సూది మందులు, చుక్కల మందు ఉండేవి. ఆమె వస్తుందంటే కొందరు తల్లులు పిల్లల్ని తీసుకొని చేలల్లోకి జారుకునేవాళ్ళు. అంజవ్వ మాత్రం బిడ్డ రాజమణిని ఎత్తుకొని ముందే పోయి కూర్చునేది. ఆ పిల్లకు ఏ సూదీ తప్పలేదు, ఏ చుక్కా తప్పలేదు.

"నీ బిడ్డకు సూదులంటే పాయసమా ఏందే?" అని పక్కింటి రాజక్క నవ్వేది.

"మా చెల్లె కాలు సూసినవా నువ్వు? సూస్తె నవ్వవు" అనేది అంజవ్వ.

రాజమణికి ఏడాదిన్నర నిండింది. ఇంక ఒక్క బూస్టరు మిగిలిందని, అది వేయించుకుంటే చిన్నప్పటి మందులు చాలావరకు అయిపోయినట్టేనని ఇంద్రమ్మ చెప్పింది. మే నెల. ఆ ఎండల్లో రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకునేది. ఇంద్రమ్మ చెప్పిన రోజున రాలేదు, మర్నాడు వచ్చింది. ఎప్పుడూ పిల్లల బుగ్గలు పట్టుకొని మాట్లాడే మనిషి ఆ రోజు ఎవరి ముఖమూ చూడలేదు. గబగబా తొడకు సూది, నోట్లో చుక్కలు, "పో, ఇగ తీసుకపో" అంది. అంజవ్వ ఎండ దెబ్బ తగిలిందేమో అనుకొని, మజ్జిగ తాగి పొమ్మంది. ఇంద్రమ్మ తాగలేదు.

సాయంత్రానికి రాజమణి ఒళ్ళు కాలిపోయింది. తొడ వాచి గట్టిపడింది, చెయ్యి ఆనిస్తే చాలు కెవ్వుమనేది. సాంబయ్య ఆ పూట ఇంట్లోనే ఉన్నాడు. పిల్లను భుజాన వేసుకొని వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ, "ఎందుకేపిచ్చినవే?" అన్నాడు. "తగ్గుతది తీయ్" అంది అంజవ్వ. తడిగుడ్డ వేసింది, ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. జ్వరం తగ్గి, వాపు దిగేదాకా ఆమె చాట పట్టలేదు. ఆ బాధకు ఫలితం ఉందనుకుంది కాబట్టి ఓర్చుకుంది.

చంద్రయ్య చెప్పేదాకా.

చంద్రయ్య సాంబయ్యకు వరుసకు తమ్ముడు, వ్యవసాయం చేసేవాడు. ఒకరోజు నాగలికి కర్ర చెక్కుతూ, మామూలు కబురు చెప్పినట్టే చెప్పాడు.

"నర్సమ్మను ఆపిన దినం నన్ను గూడ క్యాంపు కాడ ఆపిండ్రు వదినే. బండి ఇడిపిచ్చి బడి ముంగట కూసోవెట్టిండ్రు. నర్సమ్మ మాకంటె ముంగటనే ఉన్నది పాపం. డబ్బల ఏమున్నదని తెరిసి ఐసంత కింద పారవోసిండ్రు. అడుగున ఏమన్న దాసిందేమో అని. సీసలన్ని తీసి జీపు మీద వరుసగ వెట్టిండ్రు."

అంజవ్వ చేతిలో కత్తెర ఆగిపోయింది. "జీపు మీదనా? ఎండలనా?"

"పొద్దుగూకే దాక గట్లనే ఉన్నయి. అన్నలకు మందులు మోస్తున్నవా, ఎవలికి కట్టు గట్టినవ్ అని ఒకటే అడుగుడు. సారూ, ఎండకు పాడైతయని ఆమె మొత్తుకున్నది. ఎవలింటరు?"

"నాడు జీపు మీద వెట్టినయే తెల్లారి నా బిడ్డకు ఏసిందా?"

చంద్రయ్య చెక్కడం ఆపి ఆమె ముఖం చూశాడు. అప్పటిదాకా అతనికి ఆ సంగతి తట్టనే లేదు.

అంజవ్వ పిల్లను ఎత్తుకొని అప్పటికప్పుడు బయల్దేరింది. ఇంద్రమ్మ ఉండే ఊరు నడిస్తే దూరమే. క్యాంపు దగ్గర జవాను ఎక్కడికని అడిగితే, "దవాఖానకు" అని ఆగకుండానే చెప్పింది. ఇంద్రమ్మ దవాఖాన వరండాలో దూది చుడుతూ కనిపించింది. అంజవ్వను చూడగానే ఆమెకు సంగతి అర్థమైపోయింది. లేచి నిలబడింది.

"నా బిడ్డకు ఏం తాపినవ్ నర్సమ్మా?"

"మెల్లగ మాట్లాడు అంజవ్వా."

"మెల్లగ ఎందుకు? నువ్వు సూది మెల్లగ పొడిసినవా?"

ఇంద్రమ్మ ఆమె చెయ్యి పట్టుకొని వెనక గదిలోకి తీసుకుపోయింది. "నేను ఎయ్యనన్న. మా పైసారుకు చెప్పిన, పాడైనయి సారూ, నాతోని కాదని. పాడైనయని రాసిస్తె పోలీసోళ్ళ మీద రాసినట్టైతది, రేపు మనిద్దరికి నౌకరి ఉంటదా అన్నడు. నెలాఖరు, పిల్లలకు ఏసినట్టు లెక్క చూపాలె అన్నడు. నాకు బుగులైంది. ఆ దినం క్యాంపుల నన్ను ఏమేమన్నరో నీకు చెప్పలేను. మల్ల ఆడికే పిలుస్తరేమో అనిపిచ్చింది."

అంజవ్వకు జాలి వేసింది, దానితో కోపం తగ్గకపోగా ఇంకా పెరిగింది. ఈమెను కొట్టినట్టు తిట్టి పోదామని వచ్చింది. ఇప్పుడు ఆ తిట్టు సగం నోట్లోనే ఉండిపోయింది.

"నీకు బుగులైతె నాకు చెప్పద్దా? ఏపియ్యకు అంజవ్వా అని చెవుల ఒక్క మాట చెప్పద్దా? ఊరంతట్ల నిన్ను నమ్మినదాన్ని నేనొక్కదాన్నే గద!"

ఇంద్రమ్మ తల వంచుకుంది. అంజవ్వ ఆమెను వదిలేసి డాక్టరు గదిలోకి పోయింది. కుర్రవాడు, కొత్తగా వచ్చాడు. అంతా విని తలుపు దగ్గరికి వేశాడు.

"చుక్కల మందు ఎండకు ఆగదమ్మా. అది పనికిరాకుండా పోయి ఉంటుంది. సూది మందు కొంత తట్టుకుంటుంది, అయినా నమ్మలేం. రెండూ మళ్ళీ వేయించొచ్చు, నష్టం లేదు. కాకపోతే జ్వరం, వాపు మళ్ళీ రావచ్చు. ముందు వేసినవన్నీ ఉన్నాయి కాబట్టి ఇది వేయించకపోయినా పిల్లకు కొంత రక్షణ ఉంటుంది. నీ ఇష్టం."

"నా ఇష్టమా?"

"అంటే, ఆలోచించుకొని..."

"గా సీసలు ఎండల వెట్టేటప్పుడు నా ఇష్టం అడిగిండ్రా? నా బిడ్డకు పొడిసేటప్పుడు అడిగిండ్రా? ఇప్పుడు నా ఇష్టమా? మిగిలిన పిల్లల సంగతేంది సారూ? అందరికి మల్ల ఏస్తరా?"

"వచ్చి అడిగినవాళ్ళకు వేస్తాం."

"అడగాలంటె తెలువాలె గద!"

డాక్టరు కిటికీ వైపు చూశాడు. ఈ సంగతి ఊళ్ళో చెప్పుకుంటే గొడవవుతుందని, తను ఇక్కడికి వచ్చి ఎన్నాళ్ళో కాలేదని నసిగాడు. అంజవ్వ పిల్లను ఎత్తుకొని బయటికి వచ్చింది.

ఆమె ఊళ్ళో చెప్పింది. చెప్పకుండా ఉండగలిగే మనిషి కాదు. ఫలితం ఆమె అనుకున్నట్టు లేదు. మళ్ళీ వేయించుకుందామని ఒక్క తల్లి కూడా అనలేదు.

"ఒకసారి ఉత్త నీళ్ళేసిండ్రు, రెండోసారి పాలేస్తరా?" అంది రాజక్క. ఆమె మనవడు రాజమణి ఈడువాడే, వాడికీ ఆ సీసాలోదే వేశారు. "మా పోరనికి ఇగ సచ్చినా ఏపియ్య. నువ్వు ఏపియ్యమంటెనే గద ఏపిచ్చింది!"

ఆ చివరి మాట అంజవ్వకు గుచ్చుకుంది. అది నిజం కూడా. రాజక్కను ఒప్పించి తీసుకుపోయింది తనే.

వారం చివర వచ్చిన సాంబయ్య మాత్రం గొంతు తగ్గించి మాట్లాడాడు. అతను అట్లా మాట్లాడాడంటే భయపడ్డాడని అర్థం. "ఇడిసిపెట్టవే. డాక్టరే చెప్పిండు గద, ముందటియి ఉన్నయని. పిల్ల మొన్ననే తేరుకున్నది, మల్ల పొడిపిస్తవా? పోలీసోళ్ళ సంగతి మనకెందుకు? సిరిసిల్లల నా పక్క సాంచా మీద చేసేటోన్ని ఎత్తుకపోయిండ్రు. ఇంగ రాలేదు."

"గట్ల అందరు ఇడిసిపెట్టవట్టే ఇట్ల ఉన్నది" అంది అంజవ్వ. కానీ పిల్ల తొడ మీద చెయ్యి వేస్తే సూది పడిన చోట ఇంకా చిన్న గడ్డ తగులుతూనే ఉంది. ఆమెకు కూడా మళ్ళీ ఆ ఏడుపు వినాలని లేదు.

ఒక సాయంత్రం, దీపాలు పెట్టే వేళకు, ఒక కుర్రాడు ఇంటి ముందుకు వచ్చి మంచినీళ్ళు అడిగాడు. బాగా చదువుకున్నవాడి మాట. అన్నల మనిషని చూడగానే తెలిసింది.

"నర్సు సంగతి మాకు తెల్సిందక్కా. పంచాయితీ పెడ్తం. జనం ముంగట ఆమెకు, ఆ పైసారుకు బుద్ధి చెప్తం. నువ్వచ్చి జరిగింది చెప్పు, చాలు."

"ఏం బుద్ధి చెప్తరు?"

అతను చెంబెత్తి నీళ్ళు తాగాడు. ఆ బుద్ధి ఎట్లా ఉంటుందో చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు.

"ఆమె చేతులు ఇరగ్గొడ్తె నా బిడ్డకు చుక్కలెవలేస్తరు తమ్మీ? నువ్వేస్తవా?" అంజవ్వ గొంతు లేచింది. "మీరు చీకట్ల ఆమె ఇంటికి పోయి గోలీలు, కట్లగుడ్డ అడుగుతరు. ఇయ్యకపోతె ఊకుంటరా? ఇస్తె వాళ్ళు ఊకుంటరా? అందుకే గద ఆమె డబ్బ తెరిసిండ్రు. నడిమిట్ల ఎండిపోయింది ఎవలు? పోరగాండ్ల నోట్లె పడే రెండు చుక్కలు. నేను రాను. ఆమె మీద చెయ్యి పడ్డదని తెలిస్తె మీ పంచాయితీలనే మిమ్మల్ని అడుగుత."

కుర్రాడు చెంబు కింద పెట్టి వెళ్ళిపోయాడు. పంచాయితీ జరగలేదు. ఆమె మాట వల్లనో, వాళ్ళకు వేరే పని పడిందో తెలియదు.

తర్వాత ఆమె పిల్లను తీసుకొని కోరుట్లకు పోయింది. నర్సవ్వ గోడకు ఆనుకొని, ఎండిన కాలు పక్కకు మడిచి బీడీలు చుడుతోంది. అక్క చెప్పిందంతా ఆమె చేతులు ఆపకుండానే విన్నది.

"అయితె ఏపియ్యాల్నా వద్దా అని నన్ను అడగనీకి వచ్చినవా?"

"ఎవల్ని అడగాలె మరి?"

"ఒక్కటి చెప్పక్కా. నువ్వు పిల్ల కోసం ఏపిస్తున్నవా, నీ కోపం కోసం ఏపిస్తున్నవా?"

అంజవ్వ ఒళ్ళోని పిల్లను సర్దుకుంది. తను నిజంగా దేనికోసం తిరుగుతున్నదీ అప్పటిదాకా ఆలోచించలేదు. పోలీసుల మీద గెలవాలని, డాక్టరు చేత తప్పని అనిపించాలని, ఇంద్రమ్మ మళ్ళీ తన ముందు తల వంచాలని లోపల ఉంది. వాటన్నిటికీ పిల్ల తొడ అడ్డం పెట్టడం న్యాయమా?

"నీ కోపమంత తీసి పక్కకు వెట్టు" అంది నర్సవ్వ. "ఎవ్వలు నీకేం చెయ్యలే అనుకో. సీస ఊకెనే చెయ్యి జారి పగిలిందనుకో. అప్పుడేం చేస్తవ్?"

"అప్పుడా? తెల్లారే పోయి మల్ల ఏపిస్త."

"ఇంకేంది మరి?" నర్సవ్వ తంబాకు చేతిలోకి తీసుకుంది. "నాకైతె నా కాలు సంగతి ఇయ్యాల్టికి కోపమే. కోపం ఉండనీయ్. పిల్లకు మందు ఏపియ్యి. రెండు కలుపకు."

అంజవ్వ ఆ రోజే తిరిగి వచ్చింది. ఇంద్రమ్మ దగ్గరికి పోయి, "మల్ల వచ్చేటప్పుడు కొత్త మందు, కొత్త ఐసు తీసుకరా. నువ్వు బస్సు దిగే కాడ నేనుంట. క్యాంపు కాడ నేను మాట్లాడ్త" అంది. ఇంద్రమ్మ వద్దంది, బతిమాలింది. చివరికి సరేనంది.

ఊళ్ళో మళ్ళీ ఇంటింటికీ తిరిగింది. ఈసారి ఎవరినీ ఒప్పించే మాటలు చెప్పలేదు. "మందు మంచిగ వస్తదా రాదా అని మీ కండ్లతోని మీరే సూడుండ్రి. నాతోని నడువుండ్రి, గంతే. ఏపిచ్చుకునుడు తర్వాత" అంది. కొందరు వచ్చారు. రాజక్క కూడా వచ్చింది, గొణుక్కుంటూనే.

బస్సు దిగిన ఇంద్రమ్మను ఆడవాళ్ళు చుట్టూ నిలబడి నడిపించుకొచ్చారు. క్యాంపు దగ్గర ఎస్సై బయటికి వచ్చాడు.

"ఏందీ ఊరేగింపు? డబ్బా కింద పెట్టు."

"పెట్టం సారూ" అంది అంజవ్వ. రాజమణి ఆమె చంకలో ఉంది. "మొన్న మీరు పెట్టిపిచ్చిండ్రు. మా పిల్లల మందు మీ జీపు మీద ఎండింది. మీకు పిల్లలున్నరా?"

"నోరు జాగ్రత్త. తనిఖీ చెయ్యకుండా పోనీయను."

"చెయ్యుండ్రి. చెట్టు కిందికి రాండ్రి, నీడల చెయ్యుండ్రి. మూత నేను తీస్త, మీరు సూడుండ్రి. చెయ్యి వెట్టద్దు, ఐసు పారవొయ్యద్దు."

జవాన్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకడు ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. రాజక్క అడ్డం వచ్చి, "ఏయ్, పిల్ల ఉన్నది సంకల!" అని అరిచింది. మిగిలిన ఆడవాళ్ళు కూడా అరిచారు. ఎస్సై కాసేపు పళ్ళు కొరికి, చెట్టు కిందికి నడిచాడు. అంజవ్వ మూత తీసింది. ఐసు మధ్యలో సీసాలు కనిపించాయి. ఎస్సై వంగి చూశాడు.

"సూసినవా సారూ? ఇగ మూస్తున్న." మూసింది.

"నీ పేరేంది? మొగని పేరేంది? ఏం చేస్తడు?" అన్నాడు ఎస్సై. అంజవ్వ చెప్పింది, దాచలేదు. దాచినా ఊళ్ళో ఎవరైనా చెప్తారు.

ఆ రోజు రాజమణికి మళ్ళీ సూది పడింది, మళ్ళీ చుక్కలు పడ్డాయి. ఇంద్రమ్మ ఈసారి పిల్ల బుగ్గలు పట్టుకొని, రెండో తొడకు, మెల్లగా వేసింది. నడిచి వచ్చినవాళ్ళలో కొందరు వేయించారు, కొందరు చూసి వెళ్ళిపోయారు. రాజక్క మనవణ్ణి తీసుకురాలేదు. రాజమణికి జ్వరం వచ్చింది, పోయింది.

కొద్ది రోజులకు సిరిసిల్లలో సాంచాల షెడ్డు నుంచి సాంబయ్యను పోలీసులు తీసుకుపోయారు. అన్నలతో సంబంధం ఉందన్నారు. అరికాళ్ళ మీద కొట్టారు. ఏమీ దొరకక, యజమాని వచ్చి చెప్తే వదిలేశారు. చంద్రయ్య బండి మీద ఇంటికి తెచ్చాడు. అంజవ్వ వేడినీళ్ళలో ఉప్పు వేసి అతని పాదాలు కడిగింది. జీవితంలో అంత కోపం ఆమెకు ఎన్నడూ రాలేదు. అంత నిస్సహాయంగా కూడా ఎన్నడూ లేదు.

"నువ్వు గూడ నన్నే అంటవా?" అంది చివరికి.

ఆ తర్వాత సాంబయ్య చాలా రోజులు ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ పూట మాత్రం ఒక్కటే అడిగాడు. "పిల్ల మంచిగున్నదా?"

"మంచిగున్నది."

అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పాదాలు నయమయ్యాక కూడా సాంచా ముందు రోజంతా నిలబడడం అతనికి కష్టమైంది. కూర్చొని బాబీన్లకు నూలు చుట్టే పనికి మారాడు. అంజవ్వ ఎక్కువ బీడీలు చుట్టింది. ఇంద్రమ్మను వేరే చోటికి బదిలీ చేశారు, ఆమె అడిగి చేయించుకుందని కొందరన్నారు. పైసారు ఉన్నచోటే ఉన్నాడు. ఎండలో పెట్టిన మందు గురించి ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ సీసాలోది పడిన పిల్లలందరినీ పిలిచి మళ్ళీ వేసిందీ లేదు.

వానలు వెనకబట్టాక పక్క ఊళ్ళో ఒక పిల్లవాడికి జ్వరం వచ్చి కాలు పడిపోయిందని కబురొచ్చింది. వాడికి చుక్కలు ఎప్పుడు పడ్డాయో, అసలు పడ్డాయో లేదో ఎవరికీ తెలియదు. మర్నాడు పొద్దున రాజక్క మనవణ్ణి ఎత్తుకొని వచ్చి గడప దగ్గర నిలబడింది.

"కొత్త నర్సు ఎట్లుంటదో ఏమో. నువ్వొస్తవా?" అంది.

"ఇన్ని దినాలు ఏడికి పోయినవే? నేను నోరు పడిపోయేటట్టు చెప్తె ఇన్నవా? వాళ్ళు కొట్టింది నా మొగన్ని, నీ మొగన్ని గాదు! నీకు సిగ్గున్నదా?" అంజవ్వ చాట విసిరేసింది. ఆకు, తంబాకు ఇల్లంతా చిమ్మింది. రాజక్క గడప దగ్గర నుంచి కదల్లేదు. చంకలోని పిల్లవాడు భయపడి ఏడుపందుకున్నాడు.

అంజవ్వ చెప్పులు వేసుకుంది. పిల్లవాణ్ణి రాజక్క చంకలోంచి తీసుకొని తన చంకకు మార్చుకుంది. దవాఖాన దాకా దారి పొడుగునా రాజక్కను తిడుతూనే నడిచింది.